కొలాజెన్: ముఖం కంటే ముందు చూడాల్సిన చోట్లు

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరైనా, గుంటూరు లక్ష్మీపురంలోనైనా కాస్త పెద్ద మెడికల్ షాపులోకి వెళితే ప్రొటీన్ పౌడర్ల పక్కనే కొలాజెన్ డబ్బాలు వరసగా కనిపిస్తాయి. నెలకు సరిపడే డబ్బా వెయ్యి నుంచి రెండు వేల రూపాయల దాకా ఉంటుంది. దాని మీద బొమ్మ దాదాపు ఎప్పుడూ మొహానిదే. నలభై దాటిన ఆడవాళ్ల కోసమని చేసే ఈ ప్రచారంలో చర్మం, జుట్టు, గోళ్లు తప్ప మరో అవయవం ఊసు పెద్దగా ఉండదు.

కొలాజెన్ అంటే చర్మాన్ని, ఎముకను నిలబెట్టే ప్రొటీన్. వయసుతో పాటు అది తగ్గడం నిజం. ఆడవాళ్లలో నెలసరి ఆగిపోయే దశలో, అంటే మెనోపాజ్‌లో, ఆ తగ్గుదల ఒక్కసారిగా వేగం అందుకోవడమూ నిజమే. అయితే ముడతలు పడితే ఎవరూ మంచాన పడరు. తుంటి ఎముక విరిగితే పడతారు. తుమ్మితే మూత్రం పడిపోతుందని పెళ్లిళ్లకూ పేరంటాలకూ వెళ్లడం మానేసిన ఆడవాళ్ల సమస్యకు కూడా మొహంతో సంబంధం లేదు. పైగా ఆంధ్రప్రదేశ్‌లో చాలామంది ఆడవాళ్లకు ఆ దశ దానంతట అది రావడం లేదు. గర్భసంచి ఆపరేషన్‌తో ఏళ్ల ముందే వచ్చేస్తోంది. కొలాజెన్ గురించి మన ప్రాంతంలో మాట్లాడుకోవాలంటే డబ్బా సంగతి తర్వాత, ముందు ఈ సంగతి చూడాలి.

మద్రాసులో తేలిన రూపం

మనిషి శరీరంలో ఉన్న మొత్తం ప్రొటీన్‌లో దాదాపు 30 శాతం కొలాజెనే. ఇప్పటిదాకా 28 రకాలను గుర్తించారు. వాటిలో మొదటి రకమే సుమారు 90 శాతం ఉంటుంది. చర్మం, ఎముక, కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువు అన్నీ దాని మీదే నిలబడ్డాయి. రెండో రకం కీళ్ల మధ్య ఉండే మృదులాస్థిలోనూ, మూడో రకం చర్మం, రక్తనాళాలు, గర్భసంచి గోడల్లోనూ ఎక్కువ.

దీని నిర్మాణం మూడు పోగులను కలిపి పేనిన తాడులా ఉంటుందని 1954లో ప్రపంచానికి చెప్పింది మద్రాసు యూనివర్సిటీలో పనిచేస్తున్న జి.ఎన్.రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. పరిశోధనకు కావాల్సిన నమూనాలు అదే ఊళ్లో ఉన్న కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ నుంచి దొరికాయి. తోలు అంటే ప్రధానంగా కొలాజెనే కాబట్టి ఇంతకంటే మంచి పొరుగు దొరకదు. ఆ మూడు పోగుల్లో ప్రతి మూడో స్థానంలోనూ గ్లైసిన్ అనే అమైనో ఆమ్లమే ఉండాలి. పోగులు మెలితిరిగే చోట ఉండే ఇరుకులో అంతకంటే పెద్దది పట్టదు. మిగతా స్థానాల్లో ప్రోలిన్ ఎక్కువ. ఆ ప్రోలిన్‌లో కొంత భాగం హైడ్రాక్సీప్రోలిన్‌గా మారితేనే పోగులు విడిపోకుండా గట్టిగా నిలుస్తాయి. ఆ మార్పు జరగాలంటే విటమిన్ సి కావాలి, ఐరన్ కావాలి. విటమిన్ సి బొత్తిగా లేకపోతే వచ్చే స్కర్వీ జబ్బులో చిగుళ్ల నుంచి రక్తం కారడం, ఎప్పుడో మానిన గాయం మళ్లీ విచ్చుకోవడం ఇందుకే.

ఇక్కడ గుంటూరుకు ఒక చిన్న చుట్టరికం కూడా ఉంది. విటమిన్ సిని పెద్ద మొత్తంలో వేరు చేయడానికి హంగేరీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్ జార్జికి ఉపయోగపడింది ఆయన పనిచేసిన ఊరు సెగెడ్‌లో విరివిగా పండే పాప్రికా మిరప. 1937లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని పేరున్న మిర్చి యార్డు మన గుంటూరులో ఉంది కదా అని సంబరపడే ముందు ఒక మాట: ఎండబెట్టేసరికి మిరపలోని విటమిన్ సి చాలావరకు పోతుంది. యార్డులో టిక్కీల (మిర్చి బస్తాల) కొద్దీ ఉండేది కారమే. విటమిన్ సి కావాలంటే జామకాయ, ఉసిరి, నిమ్మ ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్కలో ఒక స్త్రీకి రోజుకు కావాల్సింది 65 మిల్లీగ్రాములు. వంద గ్రాముల జామకాయలో దాదాపు 200 మిల్లీగ్రాములు ఉంటుంది. కొలాజెన్ డబ్బా మీద 'విటమిన్ సి కలిపినది' అని పెద్ద అక్షరాలతో రాసుంటే దానికోసం అదనంగా డబ్బులు పెట్టనక్కర్లేదు. రైతుబజారులో సగం జామకాయతో ఆ పని అయిపోతుంది.

ఈస్ట్రోజెన్ తగ్గినప్పుడు

కొలాజెన్‌ను తయారుచేసేవి ఫైబ్రోబ్లాస్ట్ అనే కణాలు. వాటి మీద ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అందుకునే గ్రాహకాలు ఉంటాయి. ఈస్ట్రోజెన్ అందుతున్నంత కాలం తయారీ సాగుతుంది, కొలాజెన్‌ను తెగ్గొట్టే ఎంజైములు అదుపులో ఉంటాయి. యవ్వనం దాటాక ఎవరికైనా చర్మంలో ఏడాదికి సుమారు ఒక శాతం చొప్పున కొలాజెన్ తగ్గుతూ వస్తుంది. నెలసరి ఆగిపోయిన తర్వాత మాత్రం లెక్క మారిపోతుంది. మొదటి ఐదేళ్లలోనే చర్మంలోని కొలాజెన్ 30 శాతం దాకా తగ్గుతుందని, ఆ తర్వాత ఏడాదికి రెండు శాతం చొప్పున తగ్గుతూ పోతుందని 1980లలో లండన్‌లో మొదలైన పరిశోధనలు చెప్పాయి. ఇప్పటికీ ఎక్కడ చూసినా ఈ అంకెలే వాడుతున్నారు. డబ్బాలు అమ్మేవాళ్లూ వీటినే చూపిస్తారు. వాళ్లు చెప్పనిది ఒకటుంది. ఆ పరిశోధనల్లో కొలాజెన్ తగ్గుదల వయసుతో కంటే నెలసరి ఆగి ఎన్నేళ్లయిందన్న దానితో ఎక్కువగా ముడిపడి కనిపించింది. అంటే 42 ఏళ్లకే ఈస్ట్రోజెన్ పోయినావిడ చర్మం, ఎముక ఒకరకంగా 52 ఏళ్లావిడతో సమానంగా నడవడం మొదలుపెడతాయి.

భారతీయ స్త్రీలకు నెలసరి ఆగే సగటు వయసు 46-47 ఏళ్లు. పాశ్చాత్య దేశాల్లో అది 51. ఈ నాలుగైదేళ్ల తేడా ఎలాగూ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో దానిపైన ఇంకొకటి తోడైంది.

సంచి తీసేస్తే ఏం పోతుంది

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు నూటికి ముగ్గురికి కాస్త పైన. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి దాదాపు 9 మంది. దేశంలో ఇదే ముందు వరసలో ఉన్న రాష్ట్రం, వెనకాలే తెలంగాణ. దేశం మొత్తమ్మీద చూస్తే ఆపరేషన్ జరిగిన వయసు 35 దరిదాపుల్లో తేలింది. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆస్పత్రుల్లోనే జరిగాయి. కారణంగా ఎక్కువమంది చెప్పింది నెలసరిలో అధిక రక్తస్రావం. మందులతోనో, లూప్ లాంటి హార్మోన్ సాధనంతోనో చాలావరకు అదుపు చేయగల సమస్యే ఇది.

ఇది ఎందుకు ఇంతగా జరుగుతోందంటే ఒక్క ఆస్పత్రుల దురాశ అని తేల్చేస్తే సగమే చెప్పినట్టు. పొలం పనికి, మిరప కోతకు, కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి తొడిమలు తీయడానికి వెళ్లే మనిషికి నెలలో నాలుగైదు రోజులు రక్తస్రావంతో కూర్చుంటే కూలి పోతుంది. పని చోట బాత్రూమ్ ఉంటే గొప్ప. 'పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకు ఆ సంచి, ఉంచుకుంటే క్యాన్సర్ వస్తుంది' అన్న మాట ఇంట్లోనూ వినిపిస్తుంది, ఆర్‌ఎంపీ దగ్గరా వినిపిస్తుంది, కొన్నిచోట్ల స్కాన్ రిపోర్టు పట్టుకుని కూర్చున్న పెద్ద డాక్టర్ దగ్గరా వినిపిస్తుంది. చిన్న వయసులో పెళ్లి, ఇరవై మూడు నాలుగేళ్లకే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయిన చోట, గర్భసంచి పని అయిపోయిన అవయవంగా కనబడటంలో వింతేమీ లేదు. అనవసరపు గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ మూడు నెలల్లో అమలుచేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం గురించి కొత్తపేటలోనో సూర్యారావుపేటలోనో ఓపీ చీటీ పట్టుకుని కూర్చున్న ఎంతమందికి తెలుసన్నది వేరే ప్రశ్న.

ఈ ఆపరేషన్‌లో రెండు రకాలున్నాయి. మొదటిదానిలో గర్భసంచిని మాత్రమే తీసి అండాశయాలను ఉంచుతారు. రెండోదానిలో 'ఎలాగూ పొట్ట తెరిచాం కదా' అని వాటినీ తీసేస్తారు. ఈస్ట్రోజెన్ తయారయ్యేది గర్భసంచిలో కాదు, అండాశయాల్లో. కాబట్టి రెండో రకంలో ఆ హార్మోన్ కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. ప్రకృతి కొన్నేళ్లపాటు మెల్లగా చేసే పని ఒక్క పూటలో జరిగిపోతుంది. అండాశయాలు ఉంచిన చోట కూడా వాటికి వెళ్లే రక్తప్రసారం తగ్గడం వల్ల కావచ్చు, మెనోపాజ్ కొన్నేళ్లు ముందే వస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. గర్భసంచి లేని స్త్రీకి నెలసరి ఎలాగూ రాదు. అండాశయాలు ఎప్పుడు పనిచేయడం మానేశాయో చెప్పే గుర్తు ఆమెకు లేదు. ఒంట్లోంచి ఆవిర్లు రావడం, నిద్ర పట్టకపోవడం, కీళ్ల నొప్పులు, చికాకు మొదలైతే 'ఆపరేషన్ అయినప్పటి నుంచీ ఇంతే' అని ఆమే అనుకుంటుంది, ఇంట్లోవాళ్లూ అదే అంటారు. ఎముక గురించి ఆలోచించాల్సిన వయసు ముప్పై తొమ్మిదా యాభయ్యా అన్నది ఎవరూ అడగరు.

బయటికి కనిపించని చోట్లు

ఎముక అంటే కాల్షియం అన్నది సగం నిజమే. బరువులో మూడింట ఒక వంతు సేంద్రియ పదార్థం, అందులో 90 శాతం కొలాజెన్. ఖనిజం ఎముకకు గట్టిదనం ఇస్తే, విరగకుండా కాస్త వంగే గుణం కొలాజెన్ ఇస్తుంది. ఈస్ట్రోజెన్ తగ్గగానే పాత ఎముకను తవ్వే కణాలకు పగ్గం ఉండదు. కొత్తది కట్టే కణాలు ఆ వేగాన్ని అందుకోలేవు. మన దేశంలో తుంటి ఎముక విరగడం పాశ్చాత్య దేశాలతో పోలిస్తే పదేళ్లు ముందే మొదలవుతుంది. బాత్రూమ్‌లో జారిపడ్డ అత్తగారి కథ ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. అంతకు పదేళ్ల ముందు ఆవిడ నడుం కాస్త వంగినప్పుడు, ఎత్తు తగ్గినట్టు అనిపించినప్పుడు వెన్నుపూస చిన్నగా నలిగి ఉండొచ్చన్న అనుమానం మాత్రం ఎవరికీ రాదు.

ఎముక సాంద్రతను కొలిచే పరీక్ష డెక్సా. అందులో టీ స్కోరు మైనస్ 2.5గానీ అంతకంటే కిందకిగానీ ఉంటే ఆస్టియోపోరోసిస్ అంటారు. షుగర్ ఉన్నవాళ్లు ఆ అంకె ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. రక్తంలో ఎక్కువైన చక్కెర కొలాజెన్ పోగులకు అతుక్కుని వాటి మధ్య అనవసరపు ముడులు వేస్తుంది. పోగులు బిరుసెక్కుతాయి. స్కోరు బాగానే ఉండి కూడా టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ల ఎముకలు విరుగుతుండటానికి ఇదొక కారణం. భుజం పట్టేసి, జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవని జబ్బు నలభై నుంచి అరవై ఏళ్ల ఆడవాళ్లలో, అందులోనూ షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

కటి భాగం సంగతి ఇంకా దారుణం, ఎందుకంటే దాని గురించి ఎవరూ నోరు విప్పరు. మూత్రాశయాన్ని, గర్భసంచిని, మలద్వారాన్ని కింద నుంచి మోసేది కండరాలు, కొలాజెన్ పట్టీలు కలిసిన ఒక అమరిక. కాన్పులు దాన్ని సాగదీస్తాయి. నీళ్ల బిందెలు, మిర్చి టిక్కీలు ఎత్తే పని, ఏళ్ల తరబడి మలబద్ధకం, ఆగని దగ్గు దాని మీద ఒత్తిడి పెంచుతాయి. ఈస్ట్రోజెన్ తగ్గాక ఆ పట్టీల బలం ఇంకా సన్నగిల్లుతుంది. దగ్గినా నవ్వినా మూత్రం చుక్కలుగా పడటం, పరుగున వెళ్లాల్సి రావడం, మాటిమాటికీ యూరిన్ ఇన్‌ఫెక్షన్, యోనిలో పొడిబారడం, కలయికలో నొప్పి, కొందరికి గర్భసంచి కిందికి జారడం. యోనికి, మూత్రనాళానికి సంబంధించిన ఇబ్బందులన్నింటినీ కలిపి మెనోపాజ్ తాలూకు ఒక్క సమస్యగా చూడాలని, దానికి ఒక కొత్త పేరు పెట్టాలని 2014లో వైద్య సంఘాలు నిర్ణయించాయి. మన దగ్గర ఆడవాళ్లు దీనికి చేసే వైద్యం నీళ్లు తక్కువ తాగడం. బస్సు ప్రయాణం ఉంటే అసలు తాగకపోవడం. గుంటూరు మే నెల ఎండలో దాని ఫలితం ఇంకో యూరిన్ ఇన్‌ఫెక్షన్.

ఇందులో చాలావరకు బాగుచేయగలిగినవే. కటి కండరాలను బిగించి వదిలే కీగెల్ వ్యాయామాలను 1948లోనే అమెరికా వైద్యుడు ఆర్నాల్డ్ కీగెల్ వివరించాడు. సరిగా నేర్చుకుని మూడు నెలలపాటు చేస్తే, తుమ్మినప్పుడు మూత్రం పడే రకం సమస్యలో చాలామందికి గుణం కనిపిస్తుంది. యోనిలో రాసుకునే తక్కువ మోతాదు ఈస్ట్రోజెన్ క్రీము పొడితనాన్ని, మాటిమాటికీ వచ్చే ఇన్‌ఫెక్షన్లను తగ్గిస్తుంది. అది రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. ఒక నెల కొలాజెన్ డబ్బా ఖర్చులో ఇలాంటి క్రీము ట్యూబులు ఒకటికి మించే వస్తాయి. అడగడానికి ఉండే మొహమాటమే పెద్ద అడ్డంకి.

పౌడర్ చేసే పని ఎంత

కొలాజెన్ పౌడర్‌లో ఉండేది చిన్న ముక్కలుగా విడగొట్టిన కొలాజెన్. పశువుల తోలు, ఎముకలు, పంది చర్మం, చేప పొలుసులు, చేప చర్మం నుంచి తీస్తారు. తాగిన కొలాజెన్ నేరుగా వెళ్లి బుగ్గల్లో కూర్చోదు. మిగతా ఏ ప్రొటీన్ లాగానో అదీ జీర్ణమవుతుంది. రెండు మూడు అమైనో ఆమ్లాలున్న కొన్ని చిన్న తునకలు మాత్రం విడిపోకుండానే రక్తంలోకి చేరతాయి. అవి ఫైబ్రోబ్లాస్ట్‌లను పనిలోకి దించుతాయేమోనన్నదే ఆశ అంతా.

ఆశకు ఆధారం కొంత ఉంది. 2023లో 26 ప్రయోగాలను కలిపి చేసిన విశ్లేషణ చర్మంలో తేమ, సాగే గుణం కాస్త మెరుగయ్యాయని చెప్పింది. 2025లో మరో విశ్లేషణ వచ్చింది. అందులో 23 ప్రయోగాలు, 1,474 మంది. అన్నీ కలిపితే లాభం కనబడింది. అయితే కంపెనీల డబ్బు తీసుకోని ప్రయోగాలను విడదీసి చూస్తే తేమలో గానీ, సాగే గుణంలో గానీ, ముడతల్లో గానీ ప్రయోజనం తేలలేదు. నాణ్యంగా జరిగిన ప్రయోగాల్లోనూ అంతే. ఎముక విషయంలో ఎక్కువగా చెప్పుకునేది 2018 నాటి జర్మన్ ప్రయోగం. సాంద్రత తగ్గిన 131 మంది మెనోపాజ్ దాటిన స్త్రీలలో సగం మందికి రోజుకు 5 గ్రాముల చొప్పున ఏడాది ఇస్తే వెన్నులో, తుంటి దగ్గర సాంద్రత పెరిగింది. ఎముక విరగడం తగ్గిందా అన్నది ఆ ప్రయోగం చూడలేదు. అంత చిన్న ప్రయోగంలో చూడటం కుదరదు కూడా.

కాబట్టి మోసం అనడానికి లేదు, మందు అనడానికీ లేదు. డబ్బులకు లోటు లేనివాళ్లు వాడుకుంటే పెద్దగా నష్టం లేదు. నెలకు పదిహేను వందలు ఎక్కడినుంచో సర్దాల్సిన ఇంట్లో అదే డబ్బుతో రోజుకు రెండు గుడ్లు, ఓ గ్లాసు పాలు నెలంతా వస్తాయి. డబ్బా కొన్నా సరే, దాన్ని రోజువారీ ప్రొటీన్ లెక్కలో వేసుకోకూడదు. కొలాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే అత్యవసర అమైనో ఆమ్లం అసలు ఉండదు. పప్పు, గుడ్డు, పెరుగు తగ్గించి దాన్ని తాగితే నష్టమే.

శాకాహార కుటుంబాలకు ఇంకో చిక్కు. 'వీగన్ కొలాజెన్' అని అమ్మేవాటిలో సాధారణంగా కొలాజెన్ ఉండదు. మొక్కల్లో కొలాజెన్ ఉండదు కాబట్టి వాటిలో ఉండేది విటమిన్ సి, కొన్ని అమైనో ఆమ్లాలు, మొక్కల సారాలు. డబ్బా మీద ఆకుపచ్చ గుర్తుందా, గోధుమరంగు త్రికోణం ఉందా చూస్తే సంగతి తెలిసిపోతుంది. 'వైద్య అవసరాలకు కాదు' అన్న చిన్న అక్షరాల హెచ్చరిక కూడా ఆ పక్కనే ఎక్కడో ఉంటుంది. మాంసాహారులకైతే మేక కాళ్ల సూపు, తలకాయ మాంసం, రాత్రి మిగిలి తెల్లారేసరికి గడ్డకట్టే చేపల పులుసు ఉన్నాయి. ఆ గడ్డకట్టేది కొలాజెన్ కరిగి తయారైన జెలటినే. కాలు విరిగినవాళ్లకు పాయా పెట్టే అలవాటు వెనక పోషకాహారంగా అర్థముంది. ఎముక అతికించే మహత్తు దానికి ఉందనడం మాత్రం ఎక్కువ.

అదే షాపులో దొరికే ఇంకో ట్యూబు

కొలాజెన్ కోసం పెట్టే ఖర్చును వమ్ము చేసే వస్తువు చాలాసార్లు అదే కౌంటర్ మీద ఉంటుంది. మంగు మచ్చలకని, మొహం తెల్లబడుతుందని చీటీ లేకుండా కొనే స్టెరాయిడ్ క్రీములు. మొదటి రెండు వారాలు మెరుపు వస్తుంది. నెలల తరబడి రాస్తే ఫైబ్రోబ్లాస్ట్‌లు కొలాజెన్ తయారీని తగ్గించేస్తాయి. చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, ఎండలోకి వెళితే మండుతుంది. ఈ పరిస్థితికి మన దేశపు చర్మ వైద్యులే ప్రత్యేకంగా ఒక పేరు పెట్టాల్సి వచ్చిందంటే ఎంత వాడకం ఉందో ఊహించుకోవచ్చు. మోకాళ్ల నొప్పులకని ఏ మాత్రో తెలియకుండా ఊళ్లో ఇచ్చే పొట్లాలది ఇదే కథ. అందులో స్టెరాయిడ్ ఉంటే నొప్పి రెండు రోజుల్లో మాయమవుతుంది, ఎముక మాత్రం నెలల తరబడి లోపల గుల్లవుతుంది.

మొహం గురించే పట్టింపు ఉన్నవాళ్లకు గట్టి ఆధారమున్న మార్గం సన్‌స్క్రీన్. ఆస్ట్రేలియాలో 903 మంది మీద నాలుగున్నరేళ్లు నడిచిన ప్రయోగం ఫలితం 2013లో వచ్చింది. రోజూ రాసుకున్నవాళ్లలో చర్మం ముదరడం, ఇష్టం వచ్చినప్పుడు రాసుకున్నవాళ్లకంటే 24 శాతం తక్కువ. వాళ్లది తెల్ల చర్మం. మన చర్మంలో ముడతలకంటే ముందు మచ్చలు వస్తాయి, అయినా ఎండ కొలాజెన్‌ను తెంచే తీరు ఒకటే. స్కూటీ మీద వెళ్లేటప్పుడు చున్నీతో మొహమంతా చుట్టుకునే బెజవాడ అలవాటు చూడటానికి ఎలా ఉన్నా మంచి అలవాటు.

తిండి, బరువు, హార్మోన్

55 కిలోల స్త్రీకి రోజుకు దాదాపు 46 గ్రాముల ప్రొటీన్ కావాలని ఐసీఎంఆర్ అంచనా. రెండు పూటలా అన్నం, పలచటి పప్పుచారు, రోటి పచ్చడి, చివర్లో మజ్జిగతో ముగిసే భోజనంలో అది రాదు. ఇంట్లో అందరూ తిన్నాక కూర్చునే మనిషికి గిన్నె అడుగున మిగిలింది ఇంకా తక్కువ. రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని అదే కుటుంబ సర్వే చెప్పింది. కొలాజెన్ పోగులు గట్టిపడటానికి ఐరన్ కావాలన్నది పైన చూశాం. రక్తం తక్కువున్న మనిషికి ముందు ఇవ్వాల్సింది ఐరనా, కొలాజెన్ పౌడరా అంటే రెండో ఆలోచన అక్కర్లేదు. అన్నం తినగానే టీ తాగితే ఆ ఐరన్ ఒంటబట్టదు, గంట ఆగాలి. కాల్షియంకు రాగులు, నువ్వులు, పాలు, ముల్లుతో సహా తినే చిన్న చేపలు.

పొద్దున్నే స్టేడియంలోనో కాలువ గట్టు మీదో నడిచేవాళ్లు గుండెకు మేలు చేసుకుంటున్నారు. ఎముకకు ఆ నడక ఒక్కటే చాలదు. 2018లో ఫలితాలు వెలువడ్డ ఆస్ట్రేలియా ప్రయోగంలో ఎముక సాంద్రత తగ్గిన 101 మంది మెనోపాజ్ దాటిన స్త్రీలలో సగం మంది చేత వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున శిక్షకుల పర్యవేక్షణలో గట్టి బరువులు ఎత్తించారు. ఎనిమిది నెలల్లో వాళ్ల వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. తేలిక వ్యాయామాలు చేసినవాళ్లకు 1.2 శాతం తగ్గింది. జిమ్ అంటే కుర్రాళ్లదన్న అభిప్రాయం ఈ వయసు ఆడవాళ్లకు చేస్తున్న నష్టం చిన్నది కాదు. వెన్నుపూస ఇప్పటికే నలిగినవాళ్లు, గర్భసంచి జారినవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా బరువులు ముట్టుకోకూడదు.

ఇక తగ్గిన ఈస్ట్రోజెన్‌ను మందుగా ఇచ్చే హార్మోన్ చికిత్స. 2002లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం రొమ్ము క్యాన్సర్, గుండె జబ్బు భయంతో మధ్యలోనే ఆగిపోయాక ప్రపంచమంతా దీన్ని పక్కన పెట్టేసింది. తర్వాతి ఇరవై ఏళ్లలో ఆ లెక్కలను వయసులవారీగా విడదీసి చూశారు. 60 ఏళ్లలోపు, లేదా నెలసరి ఆగిన పదేళ్లలోపు మొదలుపెట్టిన ఆరోగ్యవంతులకు చాలావరకు నష్టం కంటే లాభమే ఎక్కువని తేలింది. ఈ మాత్రల మీద ఉన్న తీవ్ర హెచ్చరికల్లో చాలావాటిని తొలగించే పని మొదలుపెడుతున్నట్టు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 నవంబరులో ప్రకటించింది. చర్మంలో కొలాజెన్‌ను, ఎముకలో సాంద్రతను నిలబెట్టడంలో ఈస్ట్రోజెన్‌కు ఉన్న ఆధారం ఏ పౌడర్‌కూ లేదు. అందరికీ పనికిరాదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్లకు, కాలేయ వ్యాధి ఉన్నవాళ్లకు సాధారణంగా ఇవ్వరు. గర్భసంచి ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్‌తో పాటు ప్రొజెస్టెరాన్ అనే మరో హార్మోన్ కూడా కావాలి.

నలభై లోపు, నలభై ఐదు లోపు అండాశయాలు పోగొట్టుకున్నవాళ్ల విషయంలో మాత్రం వైద్య సంఘాల మాట ఇంకా స్పష్టంగా ఉంది. వద్దనడానికి కారణమేదీ లేకపోతే, మామూలుగా నెలసరి ఆగాల్సిన వయసు వచ్చేదాకా హార్మోన్ ఇవ్వాలి. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లలో ఎవరికి ఇది వర్తిస్తుందో తెలియాలంటే డిశ్చార్జి సమ్మరీ చూడాలి. అందులో 'టీఏహెచ్' అని మాత్రమే ఉంటే గర్భసంచి తీశారని అర్థం. పక్కన 'బీఎస్ఓ' అని కూడా ఉంటే అండాశయాలు రెండూ తీసేశారు. కాగితం ఎక్కడో పోయి ఉంటే, ఆపరేషన్ చేసిన ఆస్పత్రి రికార్డులో అడగొచ్చు. అదీ దొరకకపోతే ఒక అల్ట్రాసౌండ్, ఎఫ్ఎస్‌హెచ్ అనే రక్త పరీక్ష సరిపోతాయి. రెండూ గుంటూరు, విజయవాడల్లో మామూలు ల్యాబుల్లో జరిగేవే.